రోజూ గుంటూరు–విజయవాడ డ్రైవింగ్: టెయిల్‌బోన్ నొప్పికి కుషన్ కొనాలా, సీటు ఫోమ్ మార్పించాలా?

గుంటూరు_డైలీ:

అందరికీ నమస్కారం. రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళి రావాలి. రానూపోనూ 70 కిలోమీటర్లు. బండి ఆరేళ్ళ నాటి మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. సీటు ఎత్తు మార్చుకునే లివర్ లేదు. స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుంది గానీ దగ్గరికి లాక్కోవడానికి లేదు.

ఇబ్బంది మూడు చోట్ల. అరగంట దాటితే టెయిల్‌బోన్ దగ్గర మంట లాంటి నొప్పి. గంట దాటితే కుడి పిర్ర నుంచి తొడ వెనక దాకా లాగుతుంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఎడమ మోకాలు పట్టేస్తుంది. ఆన్‌లైన్‌లో చూస్తే వెనక యూ ఆకారంలో కోసిన మెమరీ ఫోమ్ కుషన్లు, నడుం దిండ్లు, జెల్ ప్యాడ్లు, చెక్క పూసల మ్యాట్లు బోలెడున్నాయి. సీట్ కవర్ల షాపులో అడిగితే ఉన్న సీటు మీదే ఇంకో అంగుళం ఫోమ్ పరిచి రెగ్జిన్ కవర్ కుట్టేస్తామన్నారు. సంక్రాంతికి అమ్మను తీసుకుని శ్రీకాకుళం వెళ్ళాలి, దాదాపు 500 కిలోమీటర్లు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఈలోపు ఏది ముందు చేయించాలో చెప్పండి.

హైవే_పదహారు:

ముందు ఏదీ కొనకండి. మీ మూడు నొప్పుల్లో కనీసం రెండు సీటు సర్దుబాటుతోనే తగ్గే రకంలా ఉన్నాయి. కుషన్ వేస్తే మీరు పైకి లేస్తారు. దాంతో తొడల కింద ఆసరా, నడుం వంపు, హెడ్‌రెస్ట్ ఎత్తు అన్నీ మారిపోతాయి. సర్దుబాటు కుదరని సీటు మీద కుషన్ వేస్తే అసలు తప్పు ఎక్కడుందో ఇక పట్టుకోలేరు.

బండి ఆపి, ఈ వరుసలోనే చేయండి. వరుస మారితే ఒకటి సరి చేసినప్పుడు ఇంకోటి చెడుతుంది.

మొదట వెనక జేబులో పర్సు, ఫోన్, తాళాలు తీసేయండి. పిర్రలు బ్యాక్‌రెస్ట్ అడుగున ఉన్న మూలకు ఆనేదాకా వెనక్కి జరగండి. చాలామంది ఈ మూలకు నాలుగు వేళ్ళు ముందుగా కూర్చుంటారు. అప్పుడు నడుము వెనక ఖాళీ మిగిలి, తుంటి వెనక్కి వాలిపోయి, బరువంతా పిర్రల ఎముకల మీద కాకుండా టెయిల్‌బోన్ మీద పడుతుంది. మీరు చెప్పిన మంట సరిగ్గా అక్కడే.

ఇప్పుడు సీటు ముందుకీ వెనక్కీ జరపండి. కొలత బ్రేక్ కాదు, క్లచ్. క్లచ్ పెడల్ అట్టడుగు దాకా తొక్కినప్పుడు కూడా ఎడమ మోకాలు కాస్త వంగే ఉండాలి, పిర్ర మూలలోంచి కదలకూడదు. కాలు చాచి వేళ్ళతో తొక్కాల్సి వస్తోందంటే సీటు దూరంగా ఉంది. మీ మోకాలి నొప్పికి నాకు ముందుగా అనుమానం వచ్చేది ఇక్కడే. మోకాలి వెనక మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. అంచు అక్కడ ఒత్తితే పాదం తిమ్మిరెక్కుతుంది.

తర్వాత బ్యాక్‌రెస్ట్. మీ స్టీరింగ్ దగ్గరికి రాదు కాబట్టి చేతులకు అందేలా చేయాల్సింది బ్యాక్‌రెస్టే. సీటు పీటతో 100 నుంచి 110 డిగ్రీల మధ్య పెట్టండి. రెండు భుజాలూ వెనక్కి ఆనించి చేతులు చాస్తే మణికట్లు స్టీరింగ్ పైఅంచు మీద వాలాలి. భుజం లేస్తే బ్యాక్‌రెస్ట్ ఇంకో మెట్టు నిలబెట్టండి. మొదటి రెండు మూడు రోజులు బిగుసుకుని కూర్చున్నట్టు అనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది. ఇంత చేశాక స్టీరింగ్ మధ్యభాగానికీ రొమ్ము ఎముకకూ కనీసం 25 సెంటీమీటర్లు ఉందో లేదో చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి ఆ జాగా తప్పనిసరి.

హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగంతో సమానంగా ఉండాలి, తలకూ దానికీ మధ్య మూడు వేళ్ళకు మించి సందు ఉండకూడదు. చివరగా నిటారుగా కూర్చుని లోపలి అద్దం సరిచేసుకోండి. దారిలో వెనక అద్దం సగమే కనిపిస్తుంటే అద్దాన్ని ముట్టుకోవద్దు. మీరు కిందికి జారారన్నమాట. పిర్రలు మళ్ళీ మూలకు జరుపుకుంటే అద్దం దానంతటదే సరిపోతుంది.

కుడికాలు సంగతి ఇంకొకటి. మడమను బ్రేక్ పెడల్ ఎదురుగా నేలకు ఆనించి, పాదాన్ని మాత్రం యాక్సిలరేటర్ మీదికి తిప్పండి. మోకాలిని డోర్‌కు వాల్చి నడిపే అలవాటుంటే మానుకోండి. గంటసేపు తొడ బయటికి తిరిగి ఉంటే కుడి పిర్ర కండరం బిగుసుకుంటుంది. క్లచ్ అవసరం లేనప్పుడు ఎడమకాలు పెడల్ మీద ఉంచకుండా పక్కనున్న డెడ్ పెడల్ మీద పెట్టండి. అది లేని బండికి విడిగా బిగించే మెటల్ ఫుట్‌రెస్ట్‌లు దొరుకుతాయి. నేలకు బోల్టుతో బిగిసేదే తీసుకోండి. జిగురుతో అతికించేది ఊడి పెడళ్ళ కిందికి వస్తే బ్రేక్ పడదు.

ఫిజియో_బెజవాడ:

పైన చెప్పిన సర్దుబాటుకు నా పూర్తి మద్దతు. నడుం ఆసరా గురించీ కుషన్ల గురించీ కొంచెం వివరంగా రాస్తాను. జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది అక్కడే.

నడుం దిండు కొనేముందు చేతి తువ్వాలుతో పరీక్షించండి. తువ్వాలును మణికట్టు మందాన చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, బెల్టు కట్టుకునే ఎత్తులో వీపుకూ సీటుకూ మధ్య అడ్డంగా పెట్టండి. వీపు బరువుకు నలిగాక అది మూడు నాలుగు సెంటీమీటర్లు మిగులుతుంది. చాలామందికి కావలసింది అంతే. వారం నడిపి చూడండి. హాయిగా ఉంటే అదే మందంలో దిండు కొనుక్కోండి, చాలకపోతే ఇంకో చుట్టు పెంచండి. పక్కటెముకల దాకా తోస్తోందంటే మరీ పైకి పెట్టారు. పిర్రలను ముందుకు నెడుతోందంటే మరీ కిందికి పెట్టారు. మార్కెట్లో దొరికే దిండ్లు చాలావరకు పది పన్నెండు సెంటీమీటర్ల మందం. అవి మొత్తం వీపును సీటు నుంచి ఎత్తేస్తాయి, భుజాలకు ఆసరా పోతుంది, హెడ్‌రెస్ట్ దూరమవుతుంది. నడుమును ఉన్న వంపులోనే నిలపాలి, ముందుకు తొయ్యకూడదు. వెనక్కి కట్టుకునే పట్టీ లేనిది కొనకండి, జారిపోతుంది.

ఇక టెయిల్‌బోన్ కుషన్. పిర్రలు మూలకు చేర్చి, తువ్వాలు పెట్టి రెండు వారాలు నడిపాక కూడా మంట తగ్గకపోతే అప్పుడు ఆలోచించండి. యూ కోత వెనక వైపు ఉండాలి, టెయిల్‌బోన్ దేనికీ తగలకుండా గాలిలో ఉండాలి. మందం కూర్చున్నాక నలిగి మూడు సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే కళ్ళు విండ్‌షీల్డ్ పైఅంచుకు దగ్గరవుతాయి, మడమ నేలకు సరిగ్గా ఆనదు, క్లచ్‌కు కాలు చాచాల్సి వస్తుంది. మీ ఎత్తుకు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. మే నెలలో మధ్యాహ్నమంతా ఎండలో ఉన్న బండిలో కూర్చోగానే అది అడుగంటా నలిగిపోయి, కింద ఉన్న గట్టి సీటే మీకు తగులుతుంది. రోజూ కారుకు వాడాలంటే మెమరీ ఫోమ్ ఒక్కటే ఉన్నది కాకుండా, అడుగున గట్టి ఫోమ్, పైన సన్నటి మెత్తటి పొర ఉన్నది నయం. జెల్ ప్యాడ్ నీడలో చల్లగానే ఉంటుంది. ఎండలో వదిలేస్తే మాత్రం తగలనివ్వదు. పూసల మ్యాట్‌తో గాలి ఆడుతుంది, చెమట తగ్గుతుంది, నిజమే. కానీ నున్నగా ఉండటంతో గట్టిగా బ్రేక్ పడినప్పుడు ఒళ్ళు ముందుకు జారి, సీట్‌బెల్ట్ తుంటి ఎముకల మీద నుంచి పొట్ట మీదికి ఎక్కే ప్రమాదం ఉంది. హైవే మీద నేనది సిఫారసు చేయను.

కుడి పిర్ర నుంచి తొడ వెనక లాగడానికి వెనక జేబు పర్సు చాలా మామూలు కారణం. పర్సు తీశాక, మడమ మార్చాక కూడా మోకాలు దాటి పాదం దాకా తిమ్మిరి వస్తుంటే కుషన్లతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకు చూపించండి. పాదం పైకెత్తలేకపోవడం, కూర్చునే చోటంతా మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

శ్రీకాకుళం ప్రయాణంలో రెండు గంటలకోసారి పదిహేను నిమిషాలు ఆగండి. టీ తాగడానికి ఆగి మళ్ళీ కుర్చీలోనే కూలబడితే ఆగినట్టు కాదు. దిగగానే ఐదు నిమిషాలు నడవండి. చేతులు నడుముకు ఆనించి మెల్లగా ఐదారుసార్లు వెనక్కి వంగండి. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి ముందు మోకాలు వంచితే వెనక కాలి తొడ మొదట్లో సాగినట్టు తెలుస్తుంది. ఒక్కో వైపు ముప్పై సెకన్లు అలా ఉండండి. గంటల తరబడి మడిచి కూర్చోవడంతో పొట్టిబడేది ఆ కండరమే, దిగగానే నడుం పట్టేసినట్టుండటానికి అదీ ఒక కారణం. తర్వాత బండి పట్టుకుని ఇరవైసార్లు మునివేళ్ళ మీద లేవండి. ఇంకొక్కటి: ఊరు చేరగానే డిక్కీలోంచి బరువైన సూట్‌కేసులు ఎత్తకండి. చాలాసేపు కూర్చున్నాక వెన్నుపూసల మధ్య డిస్కులు, వాటిని పట్టి ఉంచే కండరాలు వెంటనే బరువుకు సిద్ధంగా ఉండవు. ఐదు నిమిషాలు అటూ ఇటూ తిరిగాకే సామాన్లు దించండి.

ఆటోనగర్_సీట్లు:

గుంటూరు అన్నా, పైన అంగుళం ఫోమ్ పరిచి రెగ్జిన్ వేస్తామన్నారు చూడండి, ఆ పని మాత్రం చేయించొద్దు. షాపులో కూర్చుంటే సోఫాలా ఉంటుంది. అది సూపర్ సాఫ్ట్ ఫోమ్. రెండు నెలల్లో చదునైపోతుంది, కింద పాత గుంట పాత గుంటలాగే ఉంటుంది. మీరు డబ్బులిచ్చి ఆ గుంటను కప్పించినట్టు అవుతుంది, అంతే.

మీ సీటు కుంగిందా లేదా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తిన్నని కర్ర గానీ పొడుగు స్కేలు గానీ తీసుకోండి. డ్రైవర్ సీటు పీట మీద రెండు పక్కల ఉబ్బెత్తు గట్లున్నాయి కదా, వాటి మీద అడ్డంగా పెట్టి, మధ్యలో కర్ర నుంచి సీటు దాకా లోతు కొలవండి. పక్క సీటుకూ అలాగే కొలవండి. పక్క సీటు మీద ఎక్కువగా ఎవరూ కూర్చోరు కాబట్టి అదే మీకు కొత్త సీటు కొలత. తేడా ఒక సెంటీమీటరు లోపుంటే ఫోమ్ బాగానే ఉన్నట్టు. రెండు దాటితే ఫోమ్ అయినా పోయింది, కింద స్ప్రింగ్ అయినా పోయింది. ఏదో తెలియాలంటే సీటు కిందికి చెయ్యి పెట్టి తడమండి. జిగ్‌జాగ్ స్ప్రింగ్ తీగలు, వాటిని ఫ్రేముకు పట్టే ప్లాస్టిక్ క్లిప్పులు తగులుతాయి. ఒక క్లిప్ విరిగినా ఆ పక్క తీగ వేలాడుతుంది, సీటు ఒకవైపు ఒరుగుతుంది. ఒక పిర్ర మీదే నొప్పి అంటే నేను మొదట చూసేది అదే. కుడి పక్క గట్టు కూడా నొక్కి చూడండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దాని మీదే జారతాం కాబట్టి అందరి బండ్లలోనూ ముందు నలిగేది ఆ గట్టే.

సరైన పని ఇలా ఉంటుంది. సీటు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగాలి. సీటులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటుంది. అది ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు పడి ఉండిపోతుంది, స్కానర్ పెట్టి తీయాల్సి వస్తుంది. తర్వాత రైలు, అంటే సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టా, దాని నాలుగు బోల్టులు విప్పి సీటు బయటికి తీయాలి. కవర్‌ను పట్టి ఉంచే హాగ్ రింగులు (తీగ రింగులు) కట్ చేసి ఊడదీయాలి, చింపకూడదు. స్ప్రింగు, క్లిప్పులు చూసుకుని, తీగలకూ ఫోమ్‌కూ మధ్య ఫెల్ట్ గుడ్డ చినిగి ఉంటే కొత్తది వేయాలి. ఫెల్ట్ లేకపోతే తీగలు అడుగు నుంచి ఫోమ్‌ను కోసేస్తాయి, ఎంత మంచి ఫోమ్ వేసినా ఏడాది తిరక్కముందే మళ్ళీ గుంట పడుతుంది.

గుంట పడ్డ భాగాన్ని మాత్రమే చతురస్రంగా కోసి తీసి, అక్కడ అడుగున 40 డెన్సిటీ గానీ హెచ్‌ఆర్ ఫోమ్ (నలిగినా మళ్ళీ బాగా పైకి లేచే రకం) గానీ, పైన ఒక అంగుళం అంతకంటే కాస్త మెత్తటిది పెట్టాలి. జిగురు అంచులకే. మధ్యలో పూస్తే ఎండి అట్ట కట్టి, కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది. డెన్సిటీ అంటే గట్టితనం కాదన్నా. ఘనపు మీటరుకు ఎన్ని కిలోలని. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువకాలం నిలుస్తుంది. మెత్తదా గట్టిదా అనేది వేరే లెక్క, అందుకని ముక్క మీద కూర్చుని చూసి ఒప్పుకోండి. రీబాండెడ్ ఫోమ్, అదే రంగురంగుల ముక్కలు నొక్కి చేసేది, పక్క గట్లకు పనికొస్తుంది. కూర్చునే చోట వేయనివ్వొద్దు, బండరాయిలా ఉంటుంది. చివర్లో బోల్టులు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) బిగించమనండి. రైలు రెండు వైపులా ఒకే పన్నుకు (గాడికి) పడిందో లేదో సీటు ముందుకు వెనక్కి జరిపి చూసుకోండి. ఒక పన్ను తేడా వస్తే సీటు మెలి తిరుగుతుంది, నడుం కూడా దాంతోపాటే.

పల్నాడు_డ్రైవర్:

సీటు ఎత్తు లివర్ లేదన్నారు కదా. ముందు వైపు రెండు బోల్టుల కింద 12 ఎంఎం మందం వాషర్లు వేసి, పొడుగు బోల్టులు బిగిస్తే సీటు ముందు భాగం లేస్తుంది, తొడలకు ఆసరా వస్తుంది. లాంగ్ డ్రైవ్‌లో పెద్ద తేడా తెలుస్తుంది. మెకానిక్ అరగంటలో చేస్తాడు.

ఆటోనగర్_సీట్లు:

వద్దండీ. నేను ఎవరికీ చేయను. యాక్సిడెంట్‌లో మీ ఒంటి బరువు మొత్తం ఆ నాలుగు బోల్టుల మీదే పడుతుంది. చాలా బండ్లలో సీట్‌బెల్ట్ బకిల్ కూడా సీటుకే ఉంటుంది కాబట్టి బెల్ట్ లాగుడు కూడా అక్కడికే వస్తుంది. కంపెనీ బోల్టు నేరుగా ఫ్లోర్‌కు పట్టుకునేలా చేసినది. మధ్యలో వాషర్ల దొంతర పెడితే బోల్టు వంగే చోటు తయారవుతుంది. బజారు బోల్టు ఏ గ్రేడో కూడా తెలియదు. తొడలకు ఆసరా కావాలంటే ఫోమ్ కోసేటప్పుడే సీటు ముందు అంచున రెండు సెంటీమీటర్ల వాలు ముక్క పెట్టించుకోవచ్చు. అదే పని అవుతుంది, బోల్టు ముట్టక్కర్లేదు. గుంటూరు అన్నకు అది కూడా అవసరం లేదనుకుంటా, 5 అడుగుల 4 అంగుళాలకు సీటు పొడవు సరిపోతుంది. ముందు ఎత్తితే మోకాలి వెనక ఒత్తుకుంటుంది.

చక్రం_బ్యాలెన్స్:

అందరూ సీటు గురించే రాశారు. సీటు కిందికి ఏమి చేరుతోందో కూడా చూడాలి. కూర్చున్న మనిషి వెన్ను పైకీ కిందికీ ఊగే కంపనాల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవాటికి అన్నిటికంటే ఎక్కువ అదురుతుంది. షాక్ అబ్జార్బర్లు పోయిన బండిలో గతుకుల రోడ్డు అదురు సీటు దాకా ఇంకా ఎక్కువగా వస్తుంది. నొప్పి ఫోమ్ వల్లే అనిపించినా దాన్ని పెంచేది ఈ అదురు.

మొదట గాలి. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత గాలి పెట్టాలో అందులో ఉంటుంది. మామూలు లోడ్‌కు ఒక అంకె, ఫుల్ లోడ్‌కు ఇంకో అంకె. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పంక్చర్ షాపుల్లో అడక్కపోతే 40 పీఎస్‌ఐ కొట్టే అలవాటుంది. స్టిక్కర్ మీద 33 ఉన్న బండికి 40 కొడితే రోడ్డు మీద ప్రతి గతుకూ వెన్నుకు తెలుస్తుంది. పైగా టైరు మధ్యలో అరుగుతుంది.

తర్వాత అదురు ఎక్కడ తెలుస్తోందో గమనించండి. 80, 100 కిలోమీటర్ల వేగం మధ్య స్టీరింగ్ వణికితే ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్ కావాలి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు వణుకుతుంటే వెనక చక్రాలు చూపించండి. బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు సీటు, స్టీరింగ్ రెండూ జలదరిస్తుంటే, గేర్ న్యూట్రల్‌లో ఉన్నా అది ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మ, అంటే ఇంజిన్ మౌంట్, పోయి ఉండొచ్చు. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ఒకసారి కంటే ఎక్కువ ఊగితే షాక్ అబ్జార్బర్లు పోయినట్టు.

ఎడమ మోకాలికి ఒక మాట. ఆరేళ్ళ బండి కాబట్టి క్లచ్ పెడల్ బరువు చూపించండి. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ పెడల్ గట్టిపడుతుంది, ఆ మార్పు నెమ్మదిగా రావడంతో నడిపేవాళ్ళకు తెలియదు. అదే మోడల్ కొత్త బండి క్లచ్ ఒకసారి తొక్కి చూస్తే చాలు. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ లోపల తుప్పు పట్టినా ఇదే ఇబ్బంది, కేబుల్ మార్చడం చిన్న పనే. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని పట్టి ఉంచకుండా న్యూట్రల్ చేసి కాలు తీసేయండి.

గుంటూరు_డైలీ:

అందరికీ ధన్యవాదాలు. కర్ర పెట్టి కొలిచాను: డ్రైవర్ సీటు లోతు పక్క సీటు కంటే 3 సెంటీమీటర్లు ఎక్కువ. కింద తడిమితే కుడివైపు ఒక క్లిప్ లేదు. టైర్లలో 39 ఉంది, స్టిక్కర్ మీద 33. సీటు సర్దుకుని తువ్వాలు పెట్టుకున్నాక మంట తగ్గింది, కుడివైపు లాగడం మాత్రం ఉంది. ఫోమ్ పని చేయించాలని నిర్ణయించుకున్నాను. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి కవర్లు కూడా వేయించనా? వేస్తే ఏ బట్ట? అమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలి?

ఆటోనగర్_సీట్లు:

క్లిప్ లేకపోవడమే మీ కుడివైపు లాగుడుకు కారణం కావచ్చు. సీటు విప్పాక స్ప్రింగ్ తీగకు కూడా పగులుందేమో చూడమనండి. వంగిన తీగను సుత్తితో కొట్టి సరిచేస్తామంటే ఒప్పుకోవద్దు, మళ్ళీ అక్కడే విరుగుతుంది. తీగ మార్చాలి.

కవర్ల సంగతి: సీటు బ్యాక్‌రెస్ట్ బయటి పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే బ్యాగ్ అక్కడి నుంచే చీల్చుకుని బయటికి వస్తుంది. పైన మామూలు కవర్ బిగిస్తే బ్యాగ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, లేదా పక్కకు తిరుగుతుంది. ఆ పక్క బలహీనమైన దారంతో విడిగా కుట్టిన కవరే వేయాలి, లేదంటే ఆ భాగం పూర్తిగా తెరిచి ఉంచాలి. నోటిమాట మీద నమ్మకుండా కుట్టు చూపించమనండి. ట్యాగ్ లేకపోతే మీ ఇష్టం. గుంటూరు ఎండకు రెగ్జిన్ వద్దు, కంపెనీ గుడ్డ సీటు బాగుంటే అదే ఉంచండి. గాలి ఆడుతుంది, జారదు. మరకలకు భయపడితే తీసి ఉతుక్కునే కాటన్ కవర్ వేసుకోండి. వెనక నాడాలు గట్టిగా కట్టేది, సీటు మీద కదలనిది. వెంటిలేటెడ్ సీట్లున్న బండ్లవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాటి మీద ఏ కవరూ వేయకండి. కన్నాలు మూసుకుపోతాయి, ఫ్యాన్ తిరుగుతున్నా గాలి రాదు.

వెనకసీటు:

అమ్మగారిని వీలైతే ముందు పక్క సీట్లో కూర్చోబెట్టండి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక కంటే అక్కడే కాళ్ళకు ఎక్కువ చోటు. సీటును వెనక్కి జరిపితే మోకాళ్ళు ఎక్కువ మడవక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు బాగా మడిచి ఉంచడమే ఎక్కువ బాధ. ఎక్కేటప్పుడు ముందు సీటు మీద పక్కకు కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పమనండి. ఒంటికాలి మీద బరువు వేసి ఎక్కకూడదు. దిగేటప్పుడూ అంతే.

పడుకుంటానంటే బ్యాక్‌రెస్ట్ కొంచెం వాల్చొచ్చు గానీ, బెల్ట్ భుజం మీద నుంచి వదులయ్యేంత వాల్చకండి. బండి గట్టిగా ఆగితే మనిషి బెల్ట్ కిందికి జారిపోతుంది. చీర కుచ్చిళ్ళ మీద బెల్ట్ పొట్ట పైకి ఎక్కుతుంది, దాన్ని కిందికి లాగి తుంటి ఎముకల మీద సర్దండి. కాళ్ళు నేలకు సరిగ్గా ఆనకపోతే మడిచిన దుప్పటి కింద పెట్టండి. చెక్క పీట, స్టీలు డబ్బా లాంటివి వద్దు, బ్రేక్ పడితే ఎగిరి తగులుతాయి. కాళ్ళు డాష్‌బోర్డ్ మీద అస్సలు పెట్టనివ్వకండి, అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంది. పక్క సీటు మీద మందపాటి దిండు వేస్తే కొన్ని బండ్లలో మనిషి కూర్చున్నదీ లేనిదీ చూసే సీటు సెన్సార్ తికమకపడొచ్చు.

వెనకే కూర్చుంటానంటే మధ్య సీటు ఇవ్వకండి, అక్కడ ఫోమ్ సన్నం, వీపుకు ఆర్మ్‌రెస్ట్ గట్టిగా తగులుతుంది. ఎడమ కిటికీ పక్కన, ఎదుటి సీటు ముందుకు జరిపి కూర్చోబెట్టండి. హెడ్‌రెస్ట్ పైకి లాగడం మర్చిపోవద్దు. మెడ దిండు కొంటే వెనక భాగం పల్చగా ఉన్నదే కొనండి. వెనక లావుగా ఉన్నది తలను ముందుకు తోసి మెడ పట్టేస్తుంది. కూర్చున్నచోటే అరగంటకోసారి మడమలు నేలకు ఆనించి పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించమనండి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. బాత్రూమ్ భయంతో నీళ్ళు మానేయడం పెద్దవాళ్ళకు అలవాటు, అది మంచిది కాదు. అందుకని ఆగే చోట్లు ముందే చెప్పి ఉంచండి. ప్రయాణం తర్వాత ఒక్క పిక్కే వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

హైవే_పదహారు:

సీటు కొత్త ఫోమ్‌తో వచ్చాక పాత సర్దుబాటు పనికిరాదు. మీరు రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేస్తారు. క్లచ్ దూరం, బ్యాక్‌రెస్ట్, హెడ్‌రెస్ట్, అద్దాలు మళ్ళీ మొదటి నుంచి చూసుకోండి. తువ్వాలు మందం కూడా తగ్గించాల్సి రావచ్చు. కొత్త ఫోమ్ మొదటి కొన్ని వారాల్లో కొద్దిగా కుదురుకుంటుంది కాబట్టి పని పండక్కి కనీసం నెల ముందే చేయించండి. శ్రీకాకుళం బయలుదేరేనాటికి సీటు కుదురుకుని ఉంటుంది, ఏదైనా ఒత్తుతుంటే షాపుకి మళ్ళీ తీసుకెళ్ళడానికీ టైం ఉంటుంది. గాలి మాత్రం బయలుదేరే రోజు ఉదయం, సామాన్లు, మనుషుల లెక్కకు స్టిక్కర్ మీద ఉన్న ఫుల్ లోడ్ అంకెకు పెట్టించండి. తిరిగి వచ్చాక మళ్ళీ 33కి దించుకోండి.